పానా తాత చేతిలో మిగిలిన శీల

కనబడిన ప్రతి వస్తువునూ విప్పి చూడందే ఉండలేకపోవడం పానా తాతకున్న ఒకే ఒక్క జబ్బు. అది తప్పిస్తే మనిషి గుండ్రాయిలా ఉండేవాడు.

కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు, తిరగేసేవాడు. గోడ గడియారం కనిపిస్తే టైమెంతో చూసేవాడు కాదు, వెనక మూత ఎలా బిగించారో చూసేవాడు. అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయన చిన్న పానా పెట్టుకునేవాడు. ఆ పేరు అలాగే వచ్చింది. కళ్ళజోడు ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరు ఉండేది. మరి కళ్ళజోడేదీ అంటే, అది ఎప్పుడు చూసినా ఇంట్లో బల్ల మీద విప్పేసి ఉండేది.

"బాగానే పనిచేస్తోంది కదా పెద్దాయనా, ఎందుకు విప్పడం?" అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు.

"విప్పితేనే కదా తెలిసేది."

విప్పి వదిలేసే రకం కాదు. మళ్ళీ బిగించేవాడు. బిగించాక ఆ వస్తువు మునుపటికన్నా బాగా పనిచేసేది. కాకపోతే ప్రతిసారీ ఆయన అరచేతిలో ఒక మరమేకో, వాషరో, ఏదో ఒకటి మిగిలిపోయేది.

"మరి ఇదేంటి?"

"అది వాళ్ళే ఎక్కువ పెట్టారు," అని జేబులో వేసుకుని వెళ్ళిపోయేవాడు. అలా మిగిలినవన్నీ వంటింటి అటక మీద ఒక పాత నూనె డబ్బాలో చేరేవి. "ఆ డబ్బా బోర్లిస్తే ఇంకో ఊరు లేస్తుంది," అనేది ఆయన భార్య.

ఒకసారి క్షవరానికి వెళ్ళాడు. ఆయన వంతు రావడానికి ఇంకా సమయం ఉంది. కుర్చీలో బస్సు డ్రైవరు మొహం నిండా నురగతో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మంగలాయన కత్తి నూరుకోవడానికి అటు తిరిగాడు, ఇటు తిరిగేసరికి డ్రైవరు మొహం ఉండాల్సిన చోట లేదు, కుర్చీతో సహా తన మోకాళ్ళ దగ్గరికి దిగింది.

"తాతా! ఏం చేశావ్?"

"కిర్రుమంటోంది. పాపం ఎన్నాళ్ళనుంచి మూలుగుతోందో," అంది కుర్చీ కిందనుంచి ఒక గొంతు.

ఆ రోజు బస్సు ఆలస్యంగా బయల్దేరింది. ప్రయాణికులు డ్రైవరు ఒక చెంపే గీసుకుని రావడం చూసి ఏమీ అడగలేదు. పానా తాత దారిలో ఎక్కడో తగిలి ఉంటాడని అందరికీ అర్థమైపోయింది. ఆ కుర్చీ మాత్రం ఆ తర్వాత వెన్నలా తిరిగింది.

ఇలాంటి ఇంటికి కోడలుగా వచ్చిన అమ్మాయి పుట్టింటినుంచి ఒక గోడ గడియారం తెచ్చుకుంది. వాళ్ళమ్మ ఇచ్చింది. కాపురానికి వచ్చిన రెండో రోజు పొద్దున్న ఆమె హాల్లోకి వచ్చేసరికి ఆ గడియారం పాత పేపరు మీద ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. చక్రాలన్నీ పెద్ద నుంచి చిన్నకి వరసగా, బడిపిల్లల్లా నిలబడి ఉన్నాయి.

కోడలు నేరుగా వంటింట్లోకి వెళ్ళి నిలబడింది. అత్తగారు ఆమె మొహం చూసి విషయం గ్రహించింది.

"నిన్ననే విప్పలేదంటే నువ్వంటే చాలా గౌరవం అన్నమాట అమ్మాయ్. నా ట్రంకు పెట్టె బండిమీంచి దించకుండానే విప్పేశారు."

మధ్యాహ్నానికి గడియారం గోడెక్కింది. అంతకుముందు రోజూ వెనకబడేది, ఆ రోజునుంచి సరిగ్గా నడిచింది. మామగారి అరచేతిలో చిన్న ఇత్తడి చక్రం ఒకటి మిగిలింది. "వాళ్ళే ఎక్కువ పెట్టారమ్మా," అన్నాడాయన, తనే తప్పు చేసినట్టు తలొంచుకుని. అప్పటినుంచీ కోడలికి ఆయనంటే సగం భయం, సగం అబ్బురం. భయం ఇంట్లో వస్తువుల గురించి. అబ్బురం ఆ చేతుల గురించి.

ఆ చేతులకి ఎవరూ పని నేర్పలేదు. వయసులో ఉండగా సరుకు పెట్టెలు చేసే కార్ఖానాలో కూలీగా చేరాడు. వచ్చిన పాత పెట్టెలు పగలగొట్టి మేకులు పీకడం ఆయన పని. పగలగొట్టడానికి మనసొప్పక విప్పడం మొదలుపెట్టాడు. విప్పగా విప్పగా కట్టడం వచ్చింది. జీవితమంతా వంకర మేకులు పీకినందుకో ఏమో, మేకంటే మాత్రం ఒళ్ళు మంట. "మేకు కొడితే చెక్క నోరు కుట్టేసినట్టే," అనేవాడు. దూలం కొస సన్నగా చెక్కి, ఇంకో దూలంలో తొలిచిన బెజ్జంలోకి దింపి, అడ్డంగా చెక్కశీల దిగ్గొట్టడం ఆయన పద్ధతి. కావాలంటే బిగుస్తుంది, అక్కర్లేదంటే ఊడుతుంది.

కోడలు ఊరికే కూర్చునే మనిషి కాదు. వీధి చివర ఒక గదిలో పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం నడిపేది. ఆస్పత్రి నర్సమ్మ, దర్జీ ఆవిడ, బస్సు డ్రైవరు భార్య, ఇలా పనులకి వెళ్ళే తల్లులంతా పొద్దున్నే పిల్లల్ని అక్కడ దించి వెళ్ళేవాళ్ళు. అక్షరాలు రాని పిల్లలు తమ సంచీ తాము గుర్తుపట్టడానికి కోడలు ఒక్కొక్కరికీ ఒక్కో బొమ్మ ఇచ్చింది. నర్సమ్మ కొడుకుది చేప. దర్జీ ఆవిడ కూతురిది గొడుగు. డ్రైవరు కవలలది దువ్వెన, తాళంచెవి.

ఒక మధ్యాహ్నం పెనుగాలి వచ్చి ఆ గది కప్పుని ఎత్తుకుపోయింది. అదృష్టం, ఆ రోజు సెలవు. పుచ్చిపోయిన దూలాలు ముక్కలై పడ్డాయి. నాలుగు గోడలు ఆకాశం వైపు నోరు తెరుచుకుని నిలబడ్డాయి.

రొట్టెల దుకాణం బాబాయి జాలిపడి తన పిండి గోడౌను ఇచ్చాడు. పిల్లలు అందులో బాగానే ఆడుకున్నారు. సాయంత్రం తల్లులు వచ్చి, తెల్లటి పిల్లల్లోంచి తమ పిల్లల్ని వెతికి, గుమ్మం బయట దులిపి, రంగు చూసుకుని తీసుకెళ్ళేవాళ్ళు.

"నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ అమ్మాయ్, వానలు మొదలయ్యేలోపు గోడౌను ఖాళీ కావాలి," అన్నాడు బాబాయి ఇబ్బందిగా. "బస్తాలు దిగుతాయి. నేను కాదనలేను, బస్తాలు బయట పెట్టలేను."

"నాకు ఇంకో దారి లేదక్కా. పిల్లాడిని పెట్టే చోటు లేకపోతే ఉద్యోగం మానేయడమే," అంది నర్సమ్మ. అన్నది ఆమె ఒక్కతే గానీ, మిగతా తల్లుల మొహాల్లోనూ అదే మాట ఉంది. కోడలు అందరికీ ధైర్యం చెప్పింది. "వాన పడేలోపు కప్పు వేయిస్తాను," అంది. ఎలాగో ఆమెకే తెలియదు.

మామగారిని వెంటబెట్టుకుని కలప మిల్లు ఆసామి దగ్గరికి వెళ్ళింది. పిల్లికి బిచ్చం పెట్టడని ఆయనకి పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి చాలా కష్టపడేవాడు.

"ఇంటి కప్పుకి కలపా? ఉచితంగానా? ఇవాళ నీకిస్తే రేపు ఊరంతా కప్పులు తీసేసుకుని వస్తారమ్మా."

మిల్లు పెరట్లో పాత గోడౌను పడగొడితే వచ్చిన దూలాలు ఒక గుట్ట పడి ఉన్నాయి. గట్టి చేవ కలప. పానా తాత వాటి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఒకదాన్ని వేలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. తర్వాత కోడలి వెనక ఇంటికి వచ్చేశాడు.

ఆ వారం చందాలు పోగుచేయడానికి ఏం చేయాలని రొట్టెల దుకాణంలో అందరూ కూర్చున్నారు. బాబాయి కేకుల అంగడి పెడదామన్నాడు. దర్జీ ఆవిడ పాటల పోటీ అంది. ఎవరూ ఊహించనివిధంగా మూలనుంచి పానా తాత గొంతు సవరించుకున్నాడు. ఆయన పదిమందిలో మాట్లాడటం ఎవరూ ఎరగరు. ఆ సమయానికి బాబాయి తక్కెడ ఆయన ఒళ్ళో సగం విప్పి ఉంది.

"విసుర్లాట పెడదాం," అన్నాడు.

"ఏం ఆట?"

"పూర్వం కోటల మీదికి రాళ్ళు విసిరే యంత్రం ఉండేది కదా. చెక్కది. అలాంటిది కడతాను. ఇంట్లో ఎవరికి ఏ వస్తువంటే ఒళ్ళు మంటో అది తెచ్చి, చందా ఇచ్చి, విసిరించుకుంటారు."

బస్సు డ్రైవరు లేచి నిలబడ్డాడు. "నా అలారం గడియారం! మొదటి చందా నాదే!"

కలప మిల్లు ఆసామి దగ్గరికి ఈసారి తాత ఒక్కడే వెళ్ళాడు. ఏం మాట్లాడాడో, మిల్లుకి రొట్టెలు ఇవ్వడానికి వచ్చిన బాబాయి విని చెబితే ఊరందరికీ తెలిసింది. బాబాయికి తెలిసిన రహస్యం పొయ్యి మీద పాలు లాంటిది, పొంగకుండా ఉండదు.

"ఆటకైతే ఇస్తాను," అన్నాడట ఆసామి. "ఊరంతా చూస్తారు కదా. కానీ నా మిల్లు బోర్డు దానికి తగిలించాలి."

"పైనే తగిలిస్తా. అందరూ తలెత్తి చూసేలా."

"ఎన్నాళ్ళు?"

"కలప నిలబడినన్నాళ్ళు."

"ఆటయ్యాక కలప ఏం చేస్తావ్? నాకు తిరిగి తేకు, ఆ పాత గుట్ట నాకు అడ్డం."

"విప్పుతాను."

"విప్పి?"

"విప్పితేనే కదా తెలిసేది," అన్నాడట తాత.

కలప వచ్చింది, దానితోపాటు బోర్డూ వచ్చింది: 'మా కలప పది కాలాలు నిలుస్తుంది.'

బడి వెనక మైదానంలో పని మొదలైంది. ఉలి దెబ్బ, చిత్రిక గీత తప్ప ఇంకో మాట లేదు. కోడలు పిల్లల్ని ఇళ్ళకి పంపి సాయంత్రం అక్కడికి వెళ్ళేది. ఆ ముసలి చేతులు దూలం కొసని చెక్కుతుంటే చెక్కపొట్టు వంకీలు తిరుగుతూ రాలడం చూస్తూ నిలబడిపోయేది. ఆయన బెజ్జంలోకి దూలం దింపేవాడు, మళ్ళీ తీసేవాడు, వెంట్రుక మందం చెక్కేవాడు, మళ్ళీ దింపేవాడు. చివరికి ఆ రెండు చెక్కలూ ఎక్కడ కలిశాయో గోరు పెట్టి వెతికినా దొరికేది కాదు.

యంత్రం రూపు మాత్రం అందరికీ అనుమానం తెప్పించింది. తెరిచిన కత్తెరలా పైన కలిసి కింద విడిపోయే రెండు పెద్ద చట్రాలు, పొట్టి గుంజల మీద. వాటి నడుమ ఇరుసు మీద ఊగే పొడవాటి దూలం. దాని పొట్టి కొసకి రాళ్ళు నింపే పెట్టె. పొడుగు కొసకి గుడ్డ ఉట్టి. ఉట్టిలో విసిరే వస్తువు పెట్టి, పొడుగు కొసని కిందికి లాగి శీలతో ఆపుతారు. శీల లాగితే రాళ్ళపెట్టె కిందికి, వస్తువు ఆకాశంలోకి. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ కత్తెర చట్రాలు మరీ వెడల్పు.

"అన్నయ్యా, ఇంత వెడల్పెందుకు? దీని కిందనుంచి ఏనుగు దూరాలా?" అన్నాడు బాబాయి. "గుడ్ల మీద కూర్చున్న కోడిలా ఉంది. నేను బొమ్మలో చూశాను, విసిరే దూలం చివర సన్నగా ఉండాలి. అప్పుడు దూరం పోతుంది."

"తెలుసు."

"మరి సన్నం చేయవే?"

"తక్కువ దూరమే పోనీ."

"ఈ దూలాల మీద వరసగా చెక్కిన ఈ గాడులేంటి మామయ్యగారూ? వీటిలో ఏమీ దిగట్లేదు కదా?" అని కోడలు అడిగింది.

"ఉండనీ అమ్మా," అన్నాడాయన. అలా అంటున్నప్పుడు భుజాన ముడులు వేసిన తాడొకటి వేలాడుతోంది. దాంతోనే కొలతలు. ఆ తాడు పట్టుకుని ఆయన ఒకటి రెండుసార్లు కప్పు ఎగిరిపోయిన గదిలో గోడల మధ్య తిరగడం కోడలు చూసింది. ఆయనకీ దిగులుగా ఉందనుకుంది.

అన్నిటికన్నా కష్టం ఇంకోటుంది. కట్టిన యంత్రాన్ని ఆయన విప్పించేవాడు. ఎవరో కాదు, తల్లులూ, డ్రైవరూ, మంగలాయనా, పనులయ్యాక సాయానికి వచ్చిన వీధి జనమంతా విప్పాలి. విప్పి మళ్ళీ కట్టాలి. కట్టి మళ్ళీ విప్పాలి. ప్రతి అతుకుకీ ఒక బొమ్మ గీశాడు: చేప, గొడుగు, దువ్వెన, తాళంచెవి. "నీ అబ్బాయి బొమ్మ ఎక్కడుందో ఆ మూల నీది. ఇంకెవరూ ముట్టుకోకూడదు."

"తాతగారూ, నిన్న కట్టిందేగా!" అని నర్సమ్మ నడుం పట్టుకుంది.

"నిన్న వెలుతురులో కట్టావు. ఇవాళ కళ్ళు మూసుకుని నీ శీల నువ్వు వెతుక్కో."

"ఈయనకి పిచ్చి ముదిరింది," అన్నాడు మంగలాయన గుసగుసగా. "ఇన్నాళ్ళూ ఒక్కడే విప్పేవాడు, ఇప్పుడు ఊరంతటికీ అంటించాడు." తిడుతూనే అందరూ విప్పారు. తిడుతూనే కట్టారు. కొన్నాళ్ళకి తిట్లు తగ్గాయి. నర్సమ్మ మాట్లాడుతూనే, అటు చూడకుండానే, కొయ్యసుత్తితో రెండు దెబ్బల్లో తన శీల దింపడం కోడలు గమనించింది.

ఆదివారం వచ్చింది. మైదానం నిండిపోయింది. చేతుల్లో రకరకాల శత్రువులు: మొరాయించిన ఇస్త్రీపెట్టెలు, మూగబోయిన రేడియోలు, తలుపు పడని అలమరా. అందరికన్నా ముందు డ్రైవరు, అలారం గడియారంతో.

పానా తాత దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఉట్టిలో పెట్టబోతూ ఆగాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆయన కుడిచెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది.

"వద్దు అన్నయ్యా!" అని కేక పెట్టాడు బాబాయి.

అప్పటికే వెనక మూత ఊడిపోయింది. కాసేపటికి గడియారం టిక్కుటిక్కుమంటూ డ్రైవరు చేతిలోకి తిరిగి వచ్చింది. "దీని తప్పేం లేదు బాబూ. దుమ్ము. తీసుకెళ్ళు." ఆయన అరచేతిలో ఒక చిన్న మరమేకు మిగిలింది. తర్వాత ఇస్త్రీపెట్టె. అదీ బాగైపోయింది. రేడియో పాడటం మొదలుపెట్టింది. వరస కదలట్లేదు. యంత్రం ఆకాశం వైపు చూస్తూ ఖాళీగా నిలబడి ఉంది.

"అమ్మాయ్, మీ మామగారు మన కొంప ముంచుతున్నారు. విసరడానికి ఏదీ మిగల్చట్లేదు!" బాబాయికి చెమటలు పోశాయి.

జనం వెళ్ళిపోతే కప్పు లేదని కోడలికి తెలుసు. ఆయన దగ్గరికి వెళ్ళి మెల్లిగా అంది: "మామయ్యగారూ, అన్నీ మీరు బాగుచేసేస్తే మనం విసిరేదేంటి?"

ఆయన పానా పట్టుకుని ఆలోచించాడు. నిజంగానే ఆ సంగతి ఆయనకి తట్టలేదు. చివరికి అన్నాడు: "బాగయ్యేదాన్ని విసరకూడదమ్మా. బాగుకాని దాన్ని తెమ్మను."

"బాగుకానిది ఎవరైనా ఎలా తెస్తారు?"

అప్పుడు వరసలోంచి నర్సమ్మ ముందుకొచ్చింది. చందా డబ్బాలో వేసింది. యంత్రాన్ని పరీక్షించడానికి మిల్లునుంచి తెచ్చిన రంపప్పొట్టు సంచీ ఒకటి తీసుకెళ్ళి ఉట్టిలో పెట్టింది. పెట్టి గట్టిగా అరిచింది: "నా నైట్ డ్యూటీ!"

తాత ఆమెకి శీల తాడు అందించాడు. ఆమె లాగింది.

రాళ్ళపెట్టె ఒక్క ఉదుటున కూలింది. ఆ లావు దూలం, ఇంతమంది మోసిన దూలం, ఈకలా లేచింది. చట్రం కిర్రుమనలేదు. శీల కదల్లేదు. గాలి చీలిన చప్పుడొక్కటే వినిపించింది. సంచీ పైకి పోతూ పోతూ చిన్నదైపోయింది. ఆకాశంలో ఒక క్షణం కదలకుండా నిలబడినట్టు కనిపించింది. తర్వాత దూరంగా గడ్డిలో మెత్తగా పడింది. తమ చేతులతో ఇన్నిసార్లు విప్పి కట్టింది ఇదేనా అన్నట్టు ఎవరి మూల వంక వాళ్ళు చూసుకున్నారు.

ఆ తర్వాత వరస ఆగలేదు. "నా నడుం నొప్పి!" అన్నాడు డ్రైవరు. "నా చక్కెర జబ్బు!" అన్నాడు మిల్లు ఆసామి, చందా ఇస్తూ, ఇస్తున్నది ఎవరైనా చూశారేమోనని వెనక్కి చూసుకుంటూ. అత్తగారు కూడా వచ్చింది. సంచీ పెట్టి, కొంగు బిగించి, ఊరంతా వినేలా, "ఈయన గురక!" అంది. పానా తాత చాలా మర్యాదగా తాడు ఆవిడ చేతికిచ్చాడు. అందరికన్నా దూరం పోయింది అదే.

చివర్లో ఆయన కోడలిని పిలిచాడు. "నీదేంటమ్మా?"

ఆమె పైకి చూసింది. ఒక మూల మబ్బులు పట్టి ఉన్నాయి. "వాన. కొన్నాళ్ళు అవతలికి పొమ్మని," అంది. సంచీ ఆ మబ్బుల వైపే పోయింది.

సాయంత్రం బాబాయీ కోడలూ డబ్బా ముందు కూర్చున్నారు. కప్పు రేకులకి సరిపోతుంది. కలపకి సరిపోదు. దూలాలు లేకుండా రేకులు దేని మీద వేస్తారు? కోడలు డబ్బులు ఇంకోసారి లెక్కపెట్టింది.

"దిగులెందుకమ్మా, యంత్రం ఉందిగా. వచ్చే ఆదివారం మళ్ళీ విసుర్లాట," అన్నాడు బాబాయి. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె ఆ పూట నిద్రపోయింది.

పొద్దున్నే లేచి మైదానానికి వెళ్ళింది. యంత్రం లేదు. గడ్డి మాత్రం యంత్రం ఆకారంలో నలిగి ఉంది.

ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "అత్తయ్యా! మామయ్యగారు యంత్రం విప్పేశారా?"

"విప్పకుండా ఉంటే కదా ఆశ్చర్యం. తెల్లవారకుండానే తోపుడుబండి వేసుకుని పోయారు."

"వచ్చే ఆదివారం కావాలండీ అది! ఒక్కసారైనా, ఒక్క వస్తువునైనా విప్పకుండా ఉండలేరా!" ఇన్నేళ్ళలో మామగారి మీద ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి. కోపంతో వీధిలోకి వచ్చింది. పిల్లల గది వైపునుంచి కొయ్యసుత్తి చప్పుడు వినిపించింది. రెండు దెబ్బలు. ఆగి, ఇంకో చోటనుంచి రెండు దెబ్బలు.

మలుపు తిరిగి, నడక మరిచిపోయి నిలబడింది.

మైదానంలో కోడిలా కూర్చున్న ఆ వెడల్పు కత్తెర చట్రాలు, ఒకటి ఈ గోడ మీద, ఒకటి ఆ గోడ మీద కూర్చున్నాయి. గోడకి గోడకి ఎంత వెడల్పో వాటి కాళ్ళకీ అంతే వెడల్పు. విసిరిన దూలం రెండిటి నెత్తి మీదా ఇంటి వెన్నులా పడుకుంది. అది సన్నగా చెక్కి ఉంటే ఆ కొసన కప్పు బరువు ఆగేది కాదు. దేనికోసమో తెలియని గాడుల్లో రేకులు మోసే అడ్డపట్టె ఒక్కొక్కటీ వచ్చి ఒదిగిపోతోంది. యంత్రం నిలబడ్డ పొట్టి గుంజలు గుమ్మం ముందు చూరుకి కాళ్ళయ్యాయి. గోడ మీద నర్సమ్మ ఎక్కి ఉంది, చేప మూల దగ్గర. ఎదురుగా గొడుగు మూల దగ్గర దర్జీ ఆవిడ. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగట్లేదు. ఎవరి శీల ఎక్కడో వాళ్ళ చేతులకి తెలుసు. ఇల్లు కట్టినట్టు లేదు. ఇల్లే తన ముక్కల్ని గుర్తుపట్టి పిలుచుకుంటున్నట్టు ఉంది.

"మామయ్యగారూ..." అంది కోడలు.

ఆయన తలొంచుకున్నాడు, గడియారం విప్పిన రోజులాగే. "బిగించి చూడకుండా మాటివ్వకూడదమ్మా. అతకకపోతే నువ్వు రెండోసారి ఏడవాలి." తర్వాత గొంతు తగ్గించి, "నీకు చెబితే బాబాయికి తెలిసేది. బాబాయికి తెలిస్తే మిల్లుకి తెలిసేది," అన్నాడు.

"నాకేం తెలిసినా పొంగదు!" అన్నాడు బాబాయి గోడ దిగువనుంచి, ఉక్రోషంగా. అందరూ సుత్తులాపి ఆయన వంక చూశారు. "సరే, సరే. పట్టె అందించండి."

కబురు అందుకుని మిల్లు ఆసామి ఎర్రబడ్డ మొహంతో వచ్చాడు. "ఇంటికి ఇవ్వనంటే ఆటకని అడిగావా పెద్దాయనా! నేనేమో..."

తాత వేలు పైకి చూపించాడు. వెన్నుదూలానికి లోపలివైపు, పడుకున్న పిల్లలకి సరిగ్గా కళ్ళెదురుగా, బోర్డు: 'మా కలప పది కాలాలు నిలుస్తుంది.'

"పైన. తలెత్తి చూసేలా. కలప నిలబడినన్నాళ్ళు," అన్నాడు తాత.

ఆసామి తన బోర్డుని ఆ చివరనుంచి ఒకసారి, ఈ చివరనుంచి ఒకసారి చూశాడు. "కొంచెం ఎడమవైపు వంగింది," అన్నాడు చివరికి. చెప్పులు వదిలి, తనే నిచ్చెనెక్కి సరిచేశాడు.

రేకులు ఎక్కిన రోజు సాయంత్రమే వాన పడింది. కోడలు విసిరిన సంచీ దాన్ని సరిగ్గా అంతసేపే ఆపగలిగింది. గదిలో ఒక్క చుక్క దిగలేదు. రాళ్ళు మోసిన పెట్టెలో పిల్లల చెప్పులు చేరాయి. ఇరుసు తిరిగిన బెజ్జంలోంచి తాళ్ళు దిగాయి. ఊరందరి బాధలనీ ఆకాశంలోకి విసిరిన గుడ్డ ఉతికి ఆరేసుకుని వచ్చి, ఆ తాళ్ళకి ఉయ్యాలగా వేలాడింది. అందులో అందరికన్నా చిన్నపిల్ల నిద్రపోతోంది.

తల్లులూ, డ్రైవరూ, బాబాయీ, అందరూ కింద నిలబడి పైకి చూస్తున్నారు. ఎవరికీ ఇళ్ళకి వెళ్ళాలని లేదు. అంతలో కోడలి చూపు మామగారి చేతి మీద పడింది.

ఆయన అరచేతిలో ఒక చెక్కశీల మిగిలి ఉంది.

"మామయ్యగారూ," అంది కోడలు నెమ్మదిగా, కప్పు వంక చూస్తూ. "అదెక్కడిది?"

ఒక్కసారిగా అందరూ రెండడుగులు గుమ్మం వైపు జరిగారు. బాబాయి పూర్తిగా బయటికి వెళ్ళి, వానలో నిలబడి, అక్కడినుంచి చూశాడు.

"ఇది... నేనే ఎక్కువ చేశాను," అన్నాడు పానా తాత.

గుమ్మం పక్కన గోడలో ఎప్పుడో తొలిచి ఉంచిన బెజ్జంలో ఆ శీల పెట్టి, కొయ్యసుత్తితో రెండు దెబ్బలు వేశాడు. దాని కొసన ఒక చిన్న బొమ్మ చెక్కి ఉంది: గోడ గడియారం. గదిలో ప్రతి బిడ్డకీ ఒక బొమ్మ ఉంది, సంచీ తగిలించుకోవడానికి ఒక శీల ఉంది. ఇన్నేళ్ళూ లేనిది కోడలికే. ఆమె చేతిసంచీ ఎప్పుడూ కిటికీ ఊచకి వేలాడేది.

కోడలు సంచీ తీసి శీలకి తగిలించింది. చేత్తో ఒకసారి లాగి చూసింది. కదల్లేదు. మామగారిని చూసి నవ్వింది.

ఆ తర్వాత, ఎందుకైనా మంచిదని, ఇంకోసారి కప్పు వంక చూసింది.